పేరడగని ఊళ్ళు

తెలుగులో అతిథి అంటాం. తిథి చెప్పకుండా వచ్చేవాడని పెద్దలు దానికి అర్థం చెప్పారు. అరబ్బీలో ఇబ్నుస్సబీల్ అనే మాట ఉంది. అచ్చంగా తెలుగు చేస్తే 'దారి కొడుకు'. జకాత్ ఎవరెవరికి చెందాలో చెబుతూ ఖురాన్ తౌబా సూరా 60వ ఆయత్ 8 రకాల మనుషుల్ని లెక్కపెట్టి, చివర ఈ దారి కొడుకును నిలబెట్టింది. అతను పేదవాడే కానక్కర్లేదు. సొంతూళ్ళో మేడలున్నా సరే, దారి మధ్యలో ఆగిపోయి చేతిలో ఏమీ లేకుండా నిలబడ్డవాడైతే చాలు. బనీ ఇస్రాయీల్ సూరాలో ఇదే మనిషి గురించి చెబుతూ అతనికి ఇవ్వాల్సింది 'హఖ్' అంది. హఖ్ అంటే హక్కు. దయ అనలేదు, భిక్ష అనలేదు.

అయితే ఆ హక్కు దక్కడానికి ముందు అతను తన పేరు చెప్పాలా? అసలు తగువంతా ఇక్కడే ఉంది.

షేక్ సాదీ 'బోస్తాన్'లో ఒక కథ ఉంది. ఇబ్రహీం ప్రవక్తకు ముసాఫిర్ లేకుండా ముద్ద దిగేది కాదు. ఒకరోజు ఎవరూ రాకపోతే తానే వెళ్ళి తలనెరిసిన ఒక ముసలాయన్ని ఇంటికి తెచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూర్చోబెట్టాడు. అందరూ బిస్మిల్లా అన్నారు, ముసలాయన అనలేదు. ఆరా తీస్తే అగ్నిని పూజించేవాడని తేలింది. ఇబ్రహీం అతన్ని లేపి పంపేశాడు. అప్పుడు అల్లా మందలించాడు: నూరేళ్ళుగా నేనతనికి తిండి పెడుతున్నాను, నువ్వు ఒక్క పూట పెట్టలేకపోయావా అని. ప్రవక్తకే తప్పని పరీక్ష ఇది. మామూలు మనుషుల సంగతి చెప్పేదేముంది?

మన దేశంలో బాటసారికి కొదవలేని ఏర్పాట్లు చేసినవాళ్ళున్నారు. 1540 నుంచి 1545 దాకా ఏలిన షేర్ షా సూరి బాటల వెంట సరాయిలు కట్టించాడు. వాటిలో హిందువులకూ ముస్లింలకూ వేరు వేరు గదులు ఉండేవని అతని చరిత్ర రాసిన అబ్బాస్ ఖాన్ సర్వానీ చెబుతాడు. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీల నాటి షేక్‌పేట సరాయి ఇవాళ్టికీ నిలిచి ఉంది. హైదరాబాదులో నాంపల్లి స్టేషన్ ముందు 1919లో కట్టిన సరాయి రైలు దిగిన లక్షలమందికి తల దాచుకునే చోటయింది. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు వండి పెట్టి పేరు పొందారు. ఇది మన గొప్ప.

మన తక్కువ కూడా చెప్పుకోవాలి. కొన్ని కులాలకే అన్నం పెట్టిన సత్రాలు ఈ నేల మీద ఎన్నో. ఇంగ్లీషువాళ్ళ కాలంలో రైలు స్టేషన్లలో 'హిందూ పానీ', 'ముసల్మాన్ పానీ' అని అరుస్తూ తిరిగేవాళ్ళు. దాహం ఒకటే, కుండలు రెండు. దళితుడికి ఆ రెండు కుండల్లో ఏదీ సులువుగా దొరకలేదు. ఇవన్నీ పోయాయనుకుంటాం. ఒకసారి వార్త పని మీద ఓ జిల్లా కేంద్రానికి వెళ్ళి, ఆఖరి బస్సు తప్పిపోయి, లాడ్జి వెతుక్కున్నాను. కౌంటర్లో ఉన్న కుర్రాడు గది చూపించాడు, ఫ్యాన్ వేశాడు, మంచినీళ్ళ సీసా తెచ్చాడు. తర్వాత రిజిస్టర్ ముందుకు తోశాడు. పేరు రాశాను. లోపలికి వెళ్ళి వచ్చి, ఆ గదికి ముందే మాట ఇచ్చేశామన్నాడు. ఆ రాత్రి బస్టాండు బెంచీ మీద గడిచింది. ఇది మా వాళ్ళెవరికీ కొత్త కథ కాదు. ఇల్లు అద్దెకు వెతుక్కున్న ప్రతి ముస్లింకు ఇలాంటిది ఒకటుంటుంది.

ఈ విషయాన్ని మన ఊళ్ళ మీదే పెట్టి మాట్లాడితే మీవాళ్ళు, మావాళ్ళు అనే వాదులాట మొదలవుతుంది. అందుకని మనకెవరికీ చుట్టం కాని ఒక దీవి చరిత్ర చూద్దాం. అట్లాంటిక్ సముద్రంలో కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌లాండ్. చేపలు పట్టుకుని, గనులు తవ్వుకుని బతికిన పేదల దీవి. 1949 దాకా కెనడాలో భాగం కూడా కాదు. బయటి నుంచి వచ్చినవాణ్ణి అక్కడ 'ఎక్కణ్ణుంచో వచ్చినవాడు' అనే ఒక ముద్దుపేరుతో పిలుస్తారు. ఆ దీవిలో చిన్న ఊళ్ళు మూడుసార్లు దారి కొడుకుల్ని ఎదుర్కొన్నాయి.

నూనెలో తడిసిన నల్లవాడు

మొదటిది 1942 ఫిబ్రవరి 18. రెండో ప్రపంచ యుద్ధ కాలం. మంచు తుఫానులో ట్రక్స్‌టన్, పోలక్స్ అనే రెండు అమెరికా నౌకలు న్యూఫౌండ్‌లాండ్ దక్షిణ తీరంలో కొండచరియలకు కొట్టుకుని పగిలిపోయాయి. 203 మంది చనిపోయారు. 186 మంది బతికారు. వాళ్ళు బతికింది సెయింట్ లారెన్స్, లాన్ అనే రెండు చిన్న ఊళ్ళ పుణ్యాన. గని పని ఆపేసి మగవాళ్ళంతా తాళ్ళు పట్టుకుని మంచు కొండల మీదికి పరుగెత్తారు. చరియల మీది నుంచి ఒక్కొక్కణ్ణీ పైకి లాగారు. ఆడవాళ్ళు పొయ్యిలు రాజేసి, గడ్డకట్టిన ఒళ్ళు కడిగి, తమ పక్కల మీద పడుకోబెట్టారు.

ఆ బతికినవాళ్ళలో లేనియర్ ఫిలిప్స్ అనే నల్లజాతి యువకుడు ఒకడు. అమెరికాలో జార్జియా రాష్ట్రం వాడు. బానిసల మునిమనవడు. కూ క్లక్స్ క్లాన్ అనే తెల్ల ముఠా భయంలో పెరిగినవాడు. ఆనాటి అమెరికా నౌకాదళంలో నల్లవాడికి దొరికే పని వంటింట్లో, భోజనాల బల్లల దగ్గర చాకిరీ. నౌక పగిలిపోతున్నప్పుడు మిగతా నల్ల నావికులు ఒడ్డుకు వెళ్ళడానికి జంకారని అతను తర్వాత చెప్పాడు. అది ఏ దేశమో తెలియదు. తెల్లవాళ్ళు నల్లవాణ్ణి చంపే దేశమైతే? ముంచే సముద్రం కంటే ఒడ్డున ఉన్న మనిషే ఎక్కువ భయపెట్టాడు వాళ్ళను. ఎక్కడి చావు అక్కడే నయమనిపించే స్థితి అది.

ఫిలిప్స్ స్పృహలోకి వచ్చేసరికి తెల్ల ఆడవాళ్ళు అతని ఒళ్ళు కడుగుతున్నారు. ఓడ నూనె అందరి ఒంటి మీదా నల్లగా పట్టింది. ఇతని నలుపు మాత్రం ఎంత రుద్దినా వదలటం లేదు. నూనె చర్మం లోపలికి ఇంకిపోయిందేమో పాపం అని ఒకామె జాలిపడింది. ఆమె అంతకు ముందు నల్లవాణ్ణి చూసి ఎరగదు. ఇది నా చర్మం రంగే అని అతను చెప్పాడు. తన ఊళ్ళో అయితే ఆ క్షణాన ఏం జరుగుతుందో అతనికి తెలుసు. ఇక్కడ ఆమె తన ఇంటికి తీసుకెళ్ళి, తన చేత్తో సూప్ తాగించి, తన ఇంట్లో పడుకోబెట్టింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదన్నాడు. భయం వల్ల.

ఆ ఒక్క రాత్రి తనను మనిషిని చేసిందని అతను చనిపోయేదాకా చెప్పుకున్నాడు. పోరాడి అమెరికా నౌకాదళంలో మొదటి నల్లజాతి సోనార్ సాంకేతికుడయ్యాడు. 1965లో సెల్మాలో మార్టిన్ లూథర్ కింగ్ వెంట నడిచాడు. 2012లో కన్నుమూశాడు. ఒక పూట సూప్ ఒక మనిషి చేత అంత నడక నడిపించింది. మరి ఆ సూప్ పోసిన ఊరి సంగతి? కృతజ్ఞతగా అమెరికా 1954లో అక్కడ ఆసుపత్రి కట్టించింది. కొండచరియలు దిగి నావికుల్ని లాగిన గనికార్మికుల తరంలో ఎంతోమంది, గనిలోని దుమ్మూ రేడాన్ వాయువూ ఊపిరితిత్తులు తినేస్తే అందులోనే చనిపోయారు. ఆతిథ్యం ఇచ్చినవాళ్ళు ఉన్నవాళ్ళు కారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

లైఫ్‌బోట్లలో తమిళులు

రెండోది 1986 ఆగస్టు 11. న్యూఫౌండ్‌లాండ్ చేపలవాళ్ళకు పొగమంచులో రెండు లైఫ్‌బోట్లు కనపడ్డాయి. వాటిలో 155 మంది. శ్రీలంక తమిళులు. 1983 జులైలో కొలంబోలో తమిళుల ఇళ్ళు వెతికి వెతికి తగలబెట్టిన నాటి నుంచీ పారిపోతున్నవాళ్ళలో కొందరు. సొమ్ము తీసుకుని ఎక్కించుకున్న ఓడవాడు నడిసముద్రంలో దించేసి పోయాడు. చేపలవాళ్ళు ఆ రోజు వేట మానేసి వాళ్ళను తమ పడవల్లోకి ఎక్కించుకున్నారు. తినడానికి ఉన్నది పెట్టారు. మీరెవరు, ఎందుకొచ్చారు అనే ప్రశ్నలు ఒడ్డు చేరాక అధికారులు అడిగారు.

ఆ ప్రశ్నల్లో తేలిందేమంటే, వాళ్ళు మొదట చెప్పినట్టు ఇండియా నుంచి రాలేదు. పడమటి జర్మనీ నుంచి వచ్చారు. అంతే, కెనడాలో చాలామందికి జాలి పోయింది. అబద్ధమాడారన్నారు, మోసగాళ్ళన్నారు, వెనక్కి పంపమన్నారు. ప్రభుత్వం మాత్రం ఉండటానికి అనుమతి ఇచ్చింది. 30 ఏళ్ళ తర్వాత 2016లో వాళ్ళలో కొందరు అదే తీరానికి వచ్చి తమను కాపాడినవాళ్ళను కావలించుకున్నారు.

సముద్రంలో కాపాడినవాడికీ, పట్నంలో పేపరు చదివి కోప్పడ్డవాడికీ ఉన్న తేడా చూడండి. మొదటివాడు మనిషి ముఖం చూశాడు. రెండోవాడు కాగితం చూశాడు. కాగితాలు అడిగించుకోవడం అంటే ఏమిటో ఈ దేశంలో ముస్లింలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

గాండర్

మూడోది 2001 సెప్టెంబర్ 11. దీన్ని కొంచెం ఆగి చూడాలి. ఎందుకంటే మా తరం ముస్లింల బతుకు ఆ తేదీకి ముందు ఒకటి, తర్వాత ఒకటి.

ఆ రోజు న్యూయార్క్‌లో, వాషింగ్టన్‌లో విమానాలు గుద్దుకున్నాక అమెరికా తన ఆకాశం మూసేసింది. అప్పటికే యూరప్ నుంచి బయల్దేరి అట్లాంటిక్ సగం దాటిన విమానాలకు వెనక్కి వెళ్ళే దారి లేదు, ముందుకు వెళ్ళే చోటు లేదు. కెనడా 200కు పైగా విమానాల్ని దింపుకుంది. ఇందులో ఒక విషయం ఉంది. ఏ విమానంలో ఇంకా దాడి చేసేవాళ్ళున్నారో తెలియదు కనక, సముద్రం మీది నుంచి వచ్చేవాటిని టొరంటో, మాంట్రియల్ లాంటి మహానగరాల వైపు రానివ్వకుండా తూర్పు తీరంలోని చిన్న చోట్లకు మళ్ళించారు. పెద్ద ఊళ్ళను కాపాడ్డానికి అనుమానాన్ని చిన్న ఊళ్ళ నెత్తిన దించారు.

అలా గాండర్‌లో 38 ప్రయాణికుల విమానాలు దిగాయి. సుమారు 6,600 మంది. ఊరి జనాభా 10 వేలకు లోపు. ఇంత చిన్న ఊళ్ళో అంత పెద్ద విమానాశ్రయం ఎందుకంటే, 1938లో అది మొదలైనప్పుడు విమానాలు ఒక్క గుక్కలో అట్లాంటిక్ దాటలేకపోయేవి. ఇక్కడ ఆగి ఇంధనం నింపుకునేవి. జెట్ విమానాలు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. రన్‌వేలు మిగిలాయి, ఊరు చిక్కిపోయింది. 1985 డిసెంబర్ 12న అక్కడే ఒక విమానం కూలి 256 మంది, ఎక్కువమంది అమెరికా సైనికులు, చనిపోయారు. పరాయివాళ్ళ శవాల్ని ఎత్తిన ఊరది. ఇక 1992లో కాడ్ చేపల వేట నిషేధంతో ఆ దీవి మొత్తమ్మీద దాదాపు 30 వేలమంది పని పోగొట్టుకున్నారు. ఉన్నవాళ్ళు కారని అన్నాను కదా, ఇదీ అదే.

ప్రయాణికుల్ని తనిఖీ చేసి దింపడానికి చాలా గంటలు పట్టింది. కొందరు ఒక రోజుకు పైగా విమానాల్లోనే కూర్చున్నారు. సామాను విమానం కడుపులోనే ఉండిపోయింది. ఒంటి మీది బట్టలతో దిగారు. స్కూలు బస్సుల డ్రైవర్లు అప్పుడు సమ్మెలో ఉన్నారు. సమ్మె పక్కన పెట్టి వచ్చి బస్సులు తోలారు. బళ్ళు, చర్చీలు, క్లబ్బులు విడిదిళ్ళయ్యాయి. గాండర్ చాలక గాంబో, ల్యూయిస్‌పోర్ట్, యాపిల్‌టన్, గ్లెన్‌వుడ్ లాంటి చుట్టుపక్కల ఊళ్ళు పంచుకున్నాయి. దుప్పట్లు ఇళ్ళ నుంచి వచ్చాయి. వండిన తిండి పాడవకుండా దాచడానికి మంచు హాకీ ఆడే మైదానమే ఫ్రిజ్ అయింది. బీపీ మందులు, షుగరు మందులు సామానులో ఉండిపోయినవాళ్ళ కోసం మందుల షాపులవాళ్ళు రాత్రంతా దేశదేశాలకు ఫోన్లు చేసి, ఏ డాక్టరు ఏ మందు రాశాడో కనుక్కుని, డబ్బు తీసుకోకుండా ఇచ్చారు. ఇంటికి కబురు చెప్పుకోవడానికి వీధిలో బల్లలేసి ఫోన్లు పెట్టారు. తెలియనివాళ్ళను ఇళ్ళకు పిలిచి స్నానాలు చేయించారు. విమానాల్లో ఉన్న కుక్కలకు, పిల్లులకు, జంతు ప్రదర్శనశాలకు వెళుతున్న రెండు బొనోబో కోతులకు కూడా మేత అందింది. మూడు నుంచి ఐదారు రోజులు ఇలా గడిచింది. పోయేటప్పుడు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఒక విమానంలోవాళ్ళు గాల్లోకి లేచాక తమలో తాము చందా వేసుకుని ల్యూయిస్‌పోర్ట్ పిల్లల చదువుకు నిధి మొదలుపెట్టారు.

ఇంకో సంగతి. ఆగిపోయినవాళ్ళలో ఒక యూదు రబ్బీ ఉన్నారు. యూదులకు ప్రత్యేకంగా కోషర్ వంటగది ఏర్పాటు చేశారు. ఊళ్ళో ఒక ముసలాయన ఆ రబ్బీని వెతుక్కుంటూ వచ్చి, నేనూ యూదుణ్ణే అని చెప్పాడు. హిట్లర్ కాలంలో చిన్నపిల్లాడుగా యూరప్ నుంచి పంపేస్తే ఈ దీవిలో పెంపకానికి వచ్చాడు. పుట్టుక సంగతి ఎవరికీ చెప్పొద్దని పెంచినవాళ్ళు కట్టడి చేశారు. అరవై ఏళ్ళు దాచాడు. అంత మంచి ఊళ్ళో కూడా. పేరు మార్చుకుని బతికే ముస్లిం కూలీలను, హోటల్లో 'రాజు'గా మారే రజాక్‌లను ఎరిగిన మాకు ఆ ముసలాయన అర్థమవుతాడు. ఊరు మంచిదైతే సరిపోదు. దాచుకోనక్కర్లేదని ఊరు నోరు విప్పి చెప్పాలి.

అదే రోజు, ఇంకో దారి

సెప్టెంబర్ 11న ఆగిపోయిన ప్రయాణికులందరికీ గాండర్ దొరకలేదు. హైదరాబాదుకు చెందిన ఇద్దరు ముస్లిం యువకులు ఆ పొద్దున అమెరికాలో నెవార్క్ నుంచి టెక్సాస్‌లోని సాన్ అంటోనియో వెళ్ళే విమానంలో ఉన్నారు. అందరి విమానాల్లాగే వాళ్ళదీ మధ్యలో సెయింట్ లూయిస్‌లో దించేశారు. వాళ్ళు రైలెక్కారు. 12న ఫోర్ట్‌వర్త్ స్టేషన్లో పోలీసులు రైలు ఎక్కి వాళ్ళను దించారు. సామానులో అట్టపెట్టెలు కోసే కత్తులు, జుట్టుకు వేసే రంగు, నగదు దొరికాయి. న్యూస్ స్టాండ్లలో పని చేసినవాళ్ళ దగ్గర కట్టలు కోసే కత్తులుండటం వింత కాదు. కానీ ఆ వారం వింత. ఏడాదికి పైగా జైల్లో పెట్టారు. అందులో నెలల తరబడి ఏకాంత గదిలో. దాడులతో వాళ్ళకు సంబంధముందని తేలలేదు. చివరికి క్రెడిట్ కార్డుల మోసం కేసులో నేరం ఒప్పుకున్నారు, శిక్ష పడింది, దేశానికి తిప్పి పంపారు. మోసానికి శిక్ష పడాల్సిందే. కానీ వాళ్ళను రైల్లోంచి దించింది ఆ మోసం కాదు.

వాళ్ళిద్దరే కాదు. ఆ దాడుల దర్యాప్తు పేరుతో పట్టుకున్న 762 మంది విదేశీయుల గతి మీద అమెరికా న్యాయశాఖ సొంత తనిఖీ అధికారే 2003లో నివేదిక ఇచ్చాడు. బ్రూక్లిన్ జైల్లో వాళ్ళను కొట్టారని, తిట్టారని అందులో ఉంది. సెప్టెంబర్ 15న ఆరిజోనాలో పెట్రోలు బంకు నడుపుకునే బల్బీర్ సింగ్ సోఢీని తలపాగా చూసి ముస్లిం అనుకుని కాల్చి చంపారు. ఆయన సిక్కు. గాండర్‌లో పొయ్యిలు వెలుగుతున్న రోజులే అవి. ఒకే వారం, ఒకే ఖండం. ఒకచోట పేరడక్కుండా అన్నం పెట్టారు, ఒకచోట పేరు కూడా అడక్కుండా తలపాగా చూసి కాల్చారు.

గాండర్ కథను పాటల నాటకంగా చేసి 2017లో న్యూయార్క్ బ్రాడ్‌వేకు తెచ్చారు. 'కమ్ ఫ్రం అవే' దాని పేరు. అందులో అలీ అనే ఈజిప్టు ముస్లిం పాత్ర ఉంది. తోటి ప్రయాణికులు అతన్ని చూసి పక్కకు జరుగుతారు. విమానం మళ్ళీ ఎక్కేటప్పుడు బట్టలు విప్పించి వెతుకుతారు. అతను పెద్ద హోటళ్ళలో వంటలు చూసే నిపుణుడు. వంటగదిలో సాయం చేస్తానంటే మొదట వద్దంటారు. చాలాసేపటికి గానీ ఒకామె రానివ్వదు. రాసినవాళ్ళు దీన్ని దాచకుండా చూపించారు. అది వాళ్ళ నిజాయితీ. నాకు మాత్రం ఆ వంటగది గడప దగ్గరే ఈ చరిత్ర మొత్తం ఆగినట్టు అనిపిస్తుంది. అలీకి పళ్ళెం ఇచ్చారు. గరిటె ఇవ్వడానికే వెనకాడారు.

గరిటె ఎవరిది?

మన దేశంలో మంచి మనసున్న లౌకికవాదులు ఒక మాట అంటుంటారు: ముస్లింలను ఆదరించడం మన సంప్రదాయం. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆదరించేవాడు ఇంటివాడు, ఆదరణ పొందేవాడు వచ్చినవాడు అనే లెక్క కూడా అందులోనే ఉంది. పుట్టిన ఊళ్ళో, తాత ముత్తాతల సమాధులున్న ఊళ్ళో, గోరింట పూసినా పీర్లు లేచినా అందరితో కలిసి తిరిగిన ఊళ్ళో మేం ఎన్నాళ్ళు మెహమాన్‌లం? గాండర్‌కు వచ్చినవాళ్ళు ఐదు రోజుల్లో వెళ్ళిపోయారు. వెళ్ళిపోయేవాణ్ణి ప్రేమించడం సులువు. పక్కింట్లో ఉండిపోయేవాడితోనే చిక్కు.

న్యూఫౌండ్‌లాండ్ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ఆ దీవి అసలు ఇంటివాళ్ళు బెయోతుక్ అనే ఆదివాసులు. తెల్లవాళ్ళు వచ్చి తీరాలు ఆక్రమించాక ఆకలికి, రోగాలకు, తుపాకులకు అంతరించారు. చివరి మనిషిగా చరిత్ర చెప్పే షానాడితిత్ 1829లో చనిపోయింది. ఇంటివాళ్ళు పోయాక మిగిలినవాళ్ళు ఆతిథ్యం ఇచ్చే ఇంటివాళ్ళయ్యారు. అదే కెనడా 1914లో వాంకూవర్ రేవులో కోమగాటా మారు ఓడను రెండు నెలలు నిలబెట్టి, 376 మందిలో చాలామందిని నేల తొక్కనివ్వకుండా తిప్పి పంపింది. సిక్కులు, ముస్లింలు, హిందువులు అందులో ఉన్నారు. తిరిగి వచ్చాక 1914 సెప్టెంబర్ 29న కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో ఇంగ్లీషు ప్రభుత్వం కాల్పుల్లో దాదాపు 20 మంది చనిపోయారు. కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2016లో. వాళ్ళు ఉండిపోదామని వచ్చినవాళ్ళు. ఓడలో మనిషి అదే మనిషి. తేడా ఒక్కటే, ఇతను వెళ్ళిపోడు.

గరిటె ఎవరి చేతిలో ఉందో చెప్పే ఘటనలు మా వైపు నుంచీ ఉన్నాయి. 2025 జనవరి 29న ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో తొక్కిసలాట జరిగింది. అధికారులు మొదట చెప్పిన లెక్కే 30 మంది చనిపోయారని. వేలమంది యాత్రికులు చలిలో రోడ్ల మీద ఆగిపోయారు. ఆ రాత్రి పాత ఊళ్ళోని ముస్లిం పేటలు మసీదులు, ఇమాంబాడాలు, బడులు, ఇళ్ళు తెరిచాయి. టీ, పూరీ, కిచిడీ, దుప్పట్లు ఇచ్చాయి. మేళాలో ముస్లింలకు దుకాణాలు ఇవ్వకూడదని అంతకు కొన్ని నెలల ముందు నుంచీ అఖాడాల నాయకులు పట్టుబట్టిన ఊరది. దుకాణం పెట్టనివ్వని చేతులే పళ్ళేలు పెట్టాయి.

అంతకు నెల ముందు, 2024 డిసెంబర్ చివర్లో, కశ్మీర్‌లో గందర్బల్ జిల్లా గుండ్ అనే చిన్న ఊళ్ళో మంచు కురిసి దారి మూసుకుపోతే పంజాబ్ నుంచి వచ్చిన పర్యాటకులకు ఊరివాళ్ళు జామా మసీదు తలుపులు తీసి రాత్రంతా ఉంచుకున్నారు. నాలుగు నెలలు తిరగలేదు. 2025 ఏప్రిల్ 22న అదే కశ్మీర్‌లో పహల్గాంలో ముష్కరులు పర్యాటకుల్ని మతమడిగి మరీ కాల్చారు. 26 మంది చనిపోయారు. ఇది రాయకుండా మసీదు తలుపు గురించి మాత్రమే రాస్తే నేను నా పాఠకుడికి సగం చరిత్రే ఇచ్చినవాణ్ణవుతాను. పేరడిగి చంపినవాళ్ళు మా మతం పేరు చెప్పుకునేవాళ్ళే. దారి కొడుకుకు హఖ్ ఉందన్న ఆయత్‌ను వాళ్ళు నెత్తుటితో కొట్టేశారు. వాళ్ళను అడ్డుకోబోయి చనిపోయిన గుర్రాలతను సయ్యద్ ఆదిల్ హుస్సేన్ షా కూడా ఆ 26 మందిలోవాడే. చంపినవాడి పేరు, చచ్చినవాడి పేరు రెండూ ముస్లింవే అయినప్పుడు పేరులో ఏముందో, ఏం లేదో చూసుకోవచ్చు. అయినా తర్వాతి రోజుల్లో ఎక్కడెక్కడో చదువుకుంటున్న కశ్మీరీ పిల్లల్ని పేరడిగి గదులు ఖాళీ చేయమన్నారు. గుండ్‌లో తలుపు తీసినవాళ్ళ పిల్లలకు ఇంకో ఊళ్ళో తలుపు పడింది.

సెయింట్ లారెన్స్ గనివాళ్ళకు, గాండర్ జనానికి, గుండ్ ఊరివాళ్ళకు, ప్రయాగ్‌రాజ్ పేటలకు ఒక పోలిక ఉంది. వాళ్ళెవరూ మత సామరస్యం మీద సభలు పెట్టి తలుపులు తీయలేదు. చలి ఉంది, ఆకలి ఉంది, ఎదురుగా మనిషి ఉన్నాడు. పొయ్యి ముందు వెలిగింది, ప్రశ్నలు తర్వాత వచ్చాయి. కొన్నిచోట్ల అసలు రాలేదు. వరస మారిస్తే, అంటే ప్రశ్న ముందు వచ్చి పొయ్యి తర్వాత అయితే, మనిషి ఎంత మంచివాడైనా లాడ్జి కుర్రాడే అవుతాడు. అతను చెడ్డవాడని నేననుకోను. మంచినీళ్ళ సీసా తెచ్చినవాడే కదా. అతని చేతిలో రిజిస్టర్ పెట్టినవాళ్ళున్నారు.

కనక మాకు కావాల్సింది రెండు. దారిలో ఆగిపోయిన రోజున అందరిలాగే పేరడగని ఒక తలుపు. అది దారి కొడుకు హక్కు. దారిలో లేని మిగతా రోజులన్నిటికీ ఇంకోటి కావాలి: మేం ఉన్న ఊళ్ళో మమ్మల్ని ఇంటివాళ్ళుగా లెక్కపెట్టడం. వచ్చినవాడికి అన్నం పెట్టే వరసలో గరిటె పట్టుకుని మేమూ నిలబడటం. మొదటిది గాండర్ చేసి చూపించింది. రెండోది అక్కడా పూర్తి కాలేదు, ఇక్కడా కాలేదు. మొదటిది ఐదు రోజుల పని. రెండోది రోజూ చేయాల్సిన పని.